మోగని మూల

ఆ పాత ఇనుము యార్డులో వెనక మూలకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. లారీ క్లీనర్లు ఎంత అవసరం వచ్చినా ముందు గోడ దగ్గరే కానిచ్చేస్తారు గానీ అటు తొంగి కూడా చూడరు. పగలు అటువైపు సామాను దించాలన్నా ఇద్దరు కలిసి వెళ్తారు. గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తారు.

అక్కడ ఒక గుంత ఉంది.

ఒకప్పుడు దాని మీద లారీలు తూచే కాటా ఉండేది. ఒక రోజు లోడు లారీ ఎక్కగానే కాటా పలక విరిగింది. కింద దిగి బురద తీస్తున్న కూలీ ఒకడు... అంతే. ఓనరు ముందు గేటు దగ్గర కొత్త కాటా పెట్టించుకున్నాడు. విరిగిన పలకల్ని తూకానికి అమ్మేసుకున్నాడు. గుంతని మాత్రం అలాగే వదిలేశాడు. చుట్టూ నడుమెత్తున ఒక తుప్పు పట్టిన కమ్మీ, అంతే కాపలా.

అప్పట్నుంచీ అక్కడ ఏదో ఉందంటారు. రాత్రిళ్ళు గుంత అంచున తెల్లగా కదులుతుందంటారు. నన్నడిగితే, గుంతకి మూత వేయించమని ఓనర్ని అడిగే ధైర్యం లేనివాళ్ళందరూ కలిసి ఆ దెయ్యాన్ని పెట్టుకున్నారు. దెయ్యంతో ఒక సుఖముంది, అది జీతం కొయ్యదు.

ఈ కథ నాకు చెప్పినవాడు మూడోకన్ను. అది వాడి అసలు పేరు కాదు. మేమిద్దరం ఒకే షాపులో కెమెరాలు బిగించే పని చేసేవాళ్ళం. వాడు నిచ్చెన ఎక్కేవాడు, నేను కింద పట్టుకునేవాణ్ణి. "నేను పెట్టిన కెమెరా ముందు నుంచి పిల్లి కూడా తప్పించుకుని పోలేదు" అని ఊరంతా చెప్పుకునేవాడు. ఆ కోతలు విని విని మేమే ఆ పేరు తగిలించాం. చెప్తున్నప్పుడు వాడు చాలాచోట్ల ఆగిపోయాడు. నేను ఆగను, చెప్పేస్తాను.

ఆ యార్డులో రాత్రి వాచ్‌మన్ వాడి బావే. సొంత అక్క మొగుడు. కెమెరాల పని వాడికి ఇప్పించింది కూడా బావే. ఓనరు ముందు నిలబడి, "మా బామ్మర్ది పెట్టాడంటే ఇక చూసుకోనక్కర్లేదండీ" అన్నాడట పాపం.

నిజంగానే, ఆ తర్వాత చూసుకోవాల్సిన కళ్ళన్నీ చూడటం మానేశాయి.

ఆ కెమెరాల పద్ధతి ఇది — ఏదైనా కదిలితే వాచ్‌మన్ గదిలో సైరన్ మోగుతుంది. అదే క్షణంలో ఓనరు ఫోనుకీ, మూడోకన్ను ఫోనుకీ కబురు పోతుంది. ఓనరు పక్క మీద నుంచే వాచ్‌మన్‌కి ఫోన్ చేసి, ఏమిటో చూసి చెప్పమంటాడు. వాచ్‌మన్ టార్చి పట్టుకుని ఇనుప గుట్టల మధ్యనుంచి ఆ మూలదాకా నడిచి వెళ్ళాలి. వచ్చి, "ఏమీ లేదండీ" అని చెప్పాలి. ఏమీ లేనప్పుడు నన్నెందుకు లేపావురా అని ఓనరు తిట్టే తిట్లు తినాలి. లేపింది తను కాదు, కెమెరా. కానీ కెమెరాకి పెళ్ళాం పిల్లలు లేరు కదా, దాన్ని తిడితే ఏం లాభం?

మిగతా కెమెరాలు నోరు మూసుకుని తమ పని తాము చూసుకునేవి. గుంత మూలలో ఉన్నది మాత్రం రాత్రయితే చాలు, గగ్గోలు పెట్టేది. మోగేది. ఆగేది. వాచ్‌మన్ వెళ్ళి వచ్చి కుర్చీలో కూలబడేలోపు — మళ్ళీ మోగేది.

"నీకేం బామ్మర్దీ, బిగించి పోయావు. ఆ గుంత దాకా నడిచేది నేను," అనేవాడు బావ.

"ఏం బావా, దెయ్యం పలకరించిందా?"

"పలకరిస్తే బాగానే ఉండును. ఎవరో ఉన్నారని తెలిసేది. అక్కడ ఎవరూ ఉండరు. కానీ మోగుతుంది."

బావాబామ్మర్దుల మధ్య ఎన్ని పరాచికాలైనా చెల్లుతాయి. మూడోకన్ను షాపులో మా అందరి ముందూ బావ భయపడే తీరు అభినయించి చూపించేవాడు. టార్చి వణికినట్టు, గొంతు తడారినట్టు. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను.

అక్క మాత్రం నవ్వలేదు. ఒక రోజు తమ్ముణ్ణి ఇంటికి పిలిపించి, గుమ్మంలోనే అడిగింది.

"ఒరేయ్, మీ బావకి కంటి మీద కునుకు లేదు. పగలు పడుకున్నప్పుడు కుక్కర్ కూత పెట్టినా ఉలిక్కిపడి లేస్తున్నాడు. లేచి టార్చి కోసం తడుముకుంటున్నాడు. ఆ మూల మోగకుండా చెయ్యి."

ఓనరు కూడా అప్పటికే తేల్చి చెప్పేశాడు. ఉత్తుత్తి సైరన్‌కి తనని ఇంకోసారి లేపితే వాచ్‌మన్నీ మారుస్తాను, కెమెరావాణ్ణీ మారుస్తాను అని. బావ పని ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సరే, మూడోకన్ను రంగంలోకి దిగాడు.

ముందు దెయ్యాన్ని పట్టుకున్నాడు. అది సాలీడు. చీకట్లో చూడటానికి ఆ కెమెరా ఒక రకం వెలుగు వదులుతుంది. మన కంటికి ఆనదు గానీ పురుగులు వచ్చి దాని చుట్టూ మూగుతాయి. పురుగుల కోసం సాలీడు వస్తుంది. అద్దం ముందే గూడు కడుతుంది. గాలికి ఒక్క పోగు ఊగినా చాలు, తెర మీద తెల్లచీర ఎగిరినట్టు కనిపిస్తుంది. గూడు దులిపేశాక సగం దెయ్యం పోయింది.

మిగతా సగంలో ఒక చెట్టుకొమ్మ ఉంది, దాన్ని కొట్టించాడు. ఒక టార్పాలిన్ ఉంది, దాన్ని తాళ్ళతో బిగించాడు. రోడ్డు మీద పోయే లారీల లైట్లు గోడ మీద పడుతున్నాయి, కెమెరా మెడ కాస్త పక్కకి తిప్పాడు. అయినా మోగుతూనే ఉంది. ఇక మిగిలింది కుక్కలు. వీధికుక్కలు గోడ సందులోంచి దూరి గుంత అంచునే తిరిగేవి. చెట్టుకొమ్మని కొట్టినట్టు కుక్కని కొట్టలేం కదా.

కుక్కనీ మనిషినీ విడదీసి చూడగల కెమెరాలు బజార్లో ఉన్నాయి. ఓనరు వాటి ధర విని, "నా వాచ్‌మన్‌కే కుక్కకీ మనిషికీ తేడా తెలీదు, కెమెరాకెందుకు?" అన్నాడు. అప్పుడు మూడోకన్ను చవకగా అయ్యే ఉపాయం ఆలోచించాడు. మనిషంత ఎత్తున్నది, ఒకటి రెండు క్షణాలు నిలబడి కనిపిస్తేనే మోగాలి. అంతకంటే పొట్టిగా ఉన్నదాన్ని వదిలెయ్యాలి. ఎలకల బాధకి ఇల్లు తగలబెట్టుకున్నట్టని అప్పుడు మాకెవరికీ తోచలేదు.

అయితే ఎక్కడ గీత గియ్యాలో తెలియాలంటే, కెమెరా ముందు ఎవరో ఒకరు నడవాలి, వంగాలి, పాకాలి. మా పనిలో అది మామూలే. కుక్కని పిలిచి నడవమంటే నడవదు. అందుకని సాయంత్రం చీకటి పడుతుండగా బావ కుక్కయ్యాడు.

మూడోకన్ను లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బావ గుంత అంచున నాలుగు కాళ్ళ మీద నడిచాడు. సైరన్ మోగింది.

"ఇంకా వంగు బావా. కుక్కకి అంత పొట్ట ఉండదు."

బావ వంగాడు. మోగింది. వీడు గీత జరిపాడు. బావ మళ్ళీ పాకాడు. మోగింది. వీడు ఇంకొంచెం జరిపాడు. బావకి మోకాళ్ళు నొప్పెట్టి, "అమ్మా" అన్నాడు. "కుక్క అమ్మా అనదు బావా, భౌ అంటుంది" అన్నాడు వీడు. బావ నిజంగానే మొరిగాడు. యార్డులో దింపుడు పని చేస్తున్నవాళ్ళు పనాపి నవ్వారు.

చివరికి బావ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పాకినా సైరన్ మోగలేదు. నిలబడ్డాడు — మోగింది. మళ్ళీ పాకాడు — మోగలేదు.

"అయిపోయింది బావా. ఇక నువ్వు నిలబడితేనే మనిషివి," అన్నాడు మూడోకన్ను.



అసలు మా పనిలో రూలు దానికి తిరగేసి ఉంటుంది. పాకుతూ వచ్చేవాడు తప్పకుండా మోగాలి, ఎందుకంటే దొంగ అలాగే వస్తాడు. ఆ పరీక్ష చెయ్యకుండా నిచ్చెన దించకూడదు. వీళ్ళు పాకుడు పరీక్ష చేశారు. మోగనందుకు సంతోషించి, చేతులు కడుక్కుని ఇంటికెళ్ళారు.

ఆ రాత్రి నుంచీ మూల నోరు మూతపడింది. ఓనరు హాయిగా నిద్రపోయాడు. మూడోకన్ను ఫోను చప్పుడు చెయ్యలేదు. బావ ఇంటికెళ్ళి అక్కకి తను కుక్కలా ఎలా పాకిందీ, ఎలా మొరిగిందీ చేసి చూపించాడట. ఆమె చాలా రోజుల తర్వాత పగలబడి నవ్విందట.

కానీ బావకి సుఖం లేదు. కొన్ని రాత్రుళ్ళు గడిచాక బామ్మర్దికి ఫోన్ చేశాడు.

"మోగుతుంటే భయమేసేది. మోగకపోతే... ఇంకా భయంగా ఉందిరా."

"నీకు దెయ్యం అలవాటైపోయింది బావా. కనపడకపోతే బెంగ పెట్టుకున్నావు."

"అది కాదు. అక్కడ ఏమీ లేదని మోగట్లేదా? ఉన్నా మోగట్లేదా? అది ఎలా తెలుస్తుంది?"

"నేను పెట్టాను కదా బావా. పడుకో."

బావ పడుకోలేదు. సైరన్ మోగినప్పుడు తిట్టుకుంటూ వెళ్ళిన మనిషి, మోగకపోయినా వెళ్ళడం మొదలుపెట్టాడు. ఒకసారి చూసి వస్తే గానీ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేవాడు. నిలబడి వెళ్తే సైరన్ మోగి ఓనరు లేస్తాడని, ఆ మూలలో గీత కిందే వంగి నడిచేవాడు.

ఆ రాత్రి సన్నగా తుంపర పడుతోంది. ఆయన ఫోను గదిలో చార్జింగుకి పెట్టి, టార్చి తీసుకుని వెళ్ళాడు.

రోజూ తొలి చుట్టు తిరిగి వచ్చాక భార్యకి ఫోన్ చెయ్యడం ఆయన అలవాటు. ఆ రాత్రి ఫోను రాలేదు. అక్క ఎదురుచూసి, తనే చేసింది. ఎత్తలేదు. తమ్ముడికి చేసింది.

"ఒరేయ్, మీ బావ ఫోన్ ఎత్తట్లేదు. ఒక్కసారి వెళ్ళి చూడవూ?"

మూడోకన్ను దుప్పట్లోంచి చెయ్యి తీసి ఫోనులో చూశాడు. కదలికలు ఏమీ లేవని ఉంది. తెర మీద యార్డంతా పచ్చ గుర్తులతో, ప్రశాంతంగా ఉంది.

"ఒక్క అలర్టు కూడా లేదక్కా. అక్కడ ఈగ కూడా వాలలేదు. సైరన్ లేదుగా, గుర్రు పెట్టి నిద్రపోతుంటాడు. నువ్వూ పడుకో."

"అంతేనంటావా?"

"కెమెరా చెప్తోందక్కా, నేను కాదు."

ఆమె పడుకుంది.

తెల్లారి లోడు ఎక్కించడానికి వచ్చిన క్లీనర్ చూశాడు. వాచ్‌మన్ గుంతలో వెల్లకిలా పడి ఉన్నాడు. విరిగిన కమ్మీ ముక్క ఒకటి పక్కనే ఉంది. ఒళ్ళు చల్లబడి చాలాసేపయింది.

ఓనరు వచ్చేలోపే మూడోకన్ను వచ్చాడు. ఎవరూ లేనప్పుడు గదిలో తలుపేసుకుని రికార్డింగు పెట్టాడు. కెమెరా ఏమీ చూడలేదని కాదు. అంతా చూసింది. చెప్పకూడదని దానికి చెప్పింది వీడే.

బావ గుంతలో జారిపడ్డాడు. కాలు విరిగింది. గుంతకి ఒక పక్క ఏటవాలుగా ఉంటుంది, అటు నుంచి చేతుల మీద ఈడ్చుకుంటూ పైకి వచ్చాడు. గది చాలా దూరం, మధ్యలో ఇనుప గుట్టలు. అరిచినట్టే ఉన్నాడు — నోరు తెరుచుకోవడం కనపడుతోంది, ఆ కెమెరాకి చెవుల్లేవు. తర్వాత ఆయన కెమెరా వైపు తిరిగాడు.

ఆయనకి తెలుసు. పాకితే మోగదని ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసని వీడి లెక్క, అందులో ఒకడు బావే.

అందుకని కమ్మీ పట్టుకుని నిలబడాలని చూశాడు. సగం లేచి పడ్డాడు. మళ్ళీ పాకుతూ వచ్చి కమ్మీ పట్టుకున్నాడు. పడ్డాడు. గీత కిందే లేస్తున్నాడు, గీత కిందే పడుతున్నాడు. మధ్యమధ్యలో ఒక చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు. ఎత్తు చాలలేదు. చివరికి ఒకసారి నిజంగానే నిలబడ్డాడు... కమ్మీ విరిగింది. ఇంకొక్క క్షణం నిలబడి ఉంటే సైరన్ మోగేది.

మూడోకన్ను ఆ రికార్డింగుని ఒక చోట వెనక్కి తిప్పి, తెర మీది టైము చూసుకున్నాడు. తన ఫోను తీసి అందులోనూ చూసుకున్నాడు. తర్వాత మొత్తం చెరిపేశాడు. గీత కూడా తీసేశాడు.

"వానకి కెమెరా మసకబారింది సార్, ఏమీ పడలేదు," అని ఓనరుతో చెప్పాడు.

"పోన్లే," అన్నాడు ఓనరు. గుంతకి మూత ఎందుకు లేదని ఎవరూ అడగరని ఆయన ఆనందం.

అక్క ఏడుస్తూ అడిగింది ఒక్కటే మాట. "నేను నీకు ఫోన్ చేసేటప్పటికి... ఆయన ఉన్నాడట్రా?"

"లేడక్కా. తలకి తగిలింది. పడీ పడగానే పోయాడు. నువ్వు ఫోన్ చేసేటప్పటికే అయిపోయింది. ఎవరూ ఏమీ చెయ్యలేకపోయేవాళ్ళు."

ఆమె తల ఊపింది. ఆ మాట పట్టుకుని బతకగలదని వీడు అనుకున్నాడు. తను కూడా ఆ మాట మీదే బతకాలి కదా.

ఓనరుకి జాలి పుట్టింది. వాచ్‌మన్ ఉద్యోగం వాచ్‌మన్ భార్యకే ఇచ్చాడు. ఇంకాస్త తక్కువకి దొరికింది కాబట్టి జాలి త్వరగానే పుట్టింది. ఆమె కాదనలేదు. అదే గదిలో, ఆయన కూర్చున్న కుర్చీలో, తెర ముందు కూర్చుంది.

ఇక ఆ మూల మళ్ళీ మోగడం మొదలయింది.

మొదట్లో వాళ్ళూ వీళ్ళూ గుసగుసలాడారు. తర్వాత బాహాటంగానే అన్నారు — వాచ్‌మన్ డ్యూటీ దిగలేదని. ఒకే గుంతలో ఇద్దరు దెయ్యాలు, రాత్రి షిఫ్టు ఎలా పంచుకుంటున్నారో అని జోకులేశారు. ఆమె పక్కనుంచి పోతున్నప్పుడు కూడా ఆపలేదు. యార్డులో పని చేసేవాళ్ళకి చేతులే కాదు, నోళ్ళూ కాయలు కాస్తాయి.

రాత్రయ్యేసరికి మూడోకన్ను ఫోను మోగేది. వాడు చూడకుండా బోర్లా తిప్పేవాడు. అప్పుడు అక్క ఫోన్ చేసేది.

"మోగుతోందిరా."

"పురుగులక్కా. కుక్కలు. పట్టించుకోకు."

"పట్టించుకోవద్దంటావా?"

"వద్దక్కా."

"సరే," అనేది. మళ్ళీ మర్నాడు చేసేది. అదే గొంతు, అవే మాటలు. వాడికి తిండి సయించడం మానేసింది. నిచ్చెన సగం ఎక్కి దిగిపోయేవాడు. మిగతా బిగింపు నేనే ఎక్కి చేసేవాణ్ణి.

చివరికి ఓనరు పిలిచాడు. "ఇదివరకు ఏదో చేసి ఆపావుగా, అదే మళ్ళీ చెయ్యి. ఈ రాత్రే చెయ్యి. లేకపోతే మీ అక్కని ఇంట్లో కూర్చోబెట్టుకో."

ఆ రాత్రి వాడు లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని యార్డుకి వెళ్ళాడు. గాలి వీస్తోంది. ఇనుప రేకులు ఎక్కడో కొట్టుకుంటున్నాయి. గదిలో లైటు తీసేసి ఉంది. తెర వెలుగులో అక్క మొహం ఒక్కటే కనపడుతోంది.

"దా, కూర్చో," అంది. రెండో కుర్చీ అప్పటికే వేసి ఉంచింది.

వాడు వైరు తగిలించాడు. గుంత మూల తెర నిండా వచ్చింది. కొత్త కమ్మీ వెయ్యనే లేదు, విరిగిన మొద్దులు అలాగే ఉన్నాయి. గీత గియ్యడానికి చెయ్యి పెట్టాడు.

సైరన్ మోగింది.

తెర మీద ఏదో తెల్లగా ఊగి, పోయింది.

"ఆగు," అంది అక్క, వాడి చెయ్యి పట్టుకుని. "చూడు... వస్తున్నాడు."

"ఎవరక్కా? ఏమీ లేదు."

"గుంత అంచు మీద చెయ్యి. చూడు. రెండో చెయ్యి."

వాడు చూశాడు. గడ్డి, తడి నేల, ఇనుప మొద్దులు. అంతే.

"నాకేం కనపడట్లేదక్కా..."

"పాకుతున్నాడురా." ఆమె గొంతు గుసగుసలా ఉంది. కళ్ళు ఆర్పట్లేదు. "మోకాళ్ళ మీద వస్తున్నాడు. నడిచి వెళ్ళిన మనిషి పాకుతూ ఎందుకొస్తున్నాడు?"

సైరన్ మోగుతూనే ఉంది.

"కమ్మీ పట్టుకున్నాడు. లేవాలని చూస్తున్నాడు... పడ్డాడు. అయ్యో. మళ్ళీ పట్టుకున్నాడు. ఇటే చూస్తున్నాడు, కెమెరాలోకే. ఎందుకురా అంత కష్టపడి లేవడం? కూర్చోవచ్చు కదా. ఒరేయ్... నిలబడలేకపోతున్నాడు..."

"కాలు విరిగిందక్కా," అన్నాడు వాడు. ఆ మాట తనే అన్నానని వాడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఎలా నిలబడతాడు, కాలు విరిగింది... నీకెలా కనపడుతున్నాడక్కా? నేను చెరిపేశాను. మొత్తం చెరిపేశాను."

అక్క చెయ్యి చాపి సైరన్ ఆపింది.

తెర మీద తెల్లటి పోగు ఇంకా ఊగుతోంది.

"నాకేమీ కనపడట్లేదురా," అంది ఆమె. "అది సాలీడు. నువ్వు చెప్పిందే కదా. రోజూ గూడు కడుతోంది, నేను దులపట్లేదు."

వాడు తెర వైపు చూశాడు. అవును, సాలీడే.

"ఆసుపత్రి నుంచి తెచ్చాక ఒళ్ళు కడిగింది నేనే. అరచేతుల్లో తోలు లేదు. మోకాళ్ళు పచ్చిగా ఉన్నాయి. పడీ పడగానే పోయినవాడికి మోకాళ్ళు అలా ఎందుకుంటాయి? పాకితే మోగదు, నిలబడితేనే మోగుతుందని నాకు ఆయనే చెప్పాడు, నవ్వుతూ. పాకి ఉంటే లేవడానికే చూసి ఉంటాడు. ఇంకేం చేస్తాడు? నీ అంతట నువ్వు చెప్తావేమోనని ఇన్నాళ్ళూ చూశాను. రోజూ ఫోన్ చేశాను. పట్టించుకోవద్దన్నావు."

వాడు ఆమె కాళ్ళ మీద పడ్డాడట. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. లేవమనీ అనలేదు.

"ఏడవకు. నేను అడగాల్సింది ఒకటే ఉంది, ముందే అడిగాను. మళ్ళీ అడుగుతున్నాను. నేను నీకు ఫోన్ చేసినప్పుడు ఉన్నాడా?"

అబద్ధం చెప్పడానికి వాడికి అడ్డేమీ లేదు. రికార్డింగు లేదు. చూసినవాడు ఇంకెవరూ లేడు. నేనైతే చెప్పేవాణ్ణే అనుకుంటాను. వాడు అక్క మొహం వైపు చూశాడు. ఇన్నాళ్ళుగా రాత్రిళ్ళు అలా ఒంటరిగా కూర్చుని, దులపకుండా ఉంచుకున్న గూటి వైపు చూస్తూ ఉన్న మొహం. వాడి వల్ల కాలేదు.

"ఉన్నాడు."

"నీకు చెయ్యకముందు ఆయనకి చేశాను. ఆ ఫోను ఈ బల్ల మీదే మోగింది. వినపడిందా ఆయనకి?"

వాడు తల వంచుకున్నాడు. రికార్డింగులో వెనక్కి తిప్పి టైము చూసుకున్నది ఆ ఒక్కచోటే.

"పాకడం ఆపేసి తల తిప్పాడక్కా. ఈ గది వైపు చూశాడు. మోగినంతసేపూ ఇటే చూశాడు."

అక్క బల్ల మీద చెయ్యి ఆనించింది, ఆ ఫోను ఉండే చోట.

"నేను రెండుసార్లు చేశాన్రా."

"రెండుసార్లూ చూశాడు."